ఎవరింటికి వచ్చిన్రు? పసిఫిక్ పడవ పుస్తకాలు, ఎల్లారెడ్డి దిక్కు నుంచి

పసిఫిక్ దీవుల మధ్య తెరచాప పడవల్లో తిరిగినవాళ్ళు రాసిన పుస్తకాలు నాలుగైదు చదివితే చాలు, వాటి నడక పట్టుబడిపోతుంది. వారాల తరబడి నీళ్ళు. ఒక తెల్లవారుజామున మబ్బు కింద సన్నటి పచ్చగీత. పగడపు దిబ్బల సందులోంచి పడవను లోపలికి తెచ్చేటప్పటి టెన్షన్. ఒడ్డున పిల్లలు, కొబ్బరి బోండాలు, ఊరి పెద్ద, పాటలు, విందు. రెండో రోజుకల్లా రచయితకి తన దేశంలో ఎక్కడో పోగొట్టుకున్నది ఇక్కడ దొరికినట్టు అనిపిస్తుంది. ఐదో రోజు గాలి అనుకూలిస్తుంది, లంగరు ఎత్తేస్తారు. ఒడ్డున చేతులూపే జనం చిన్నగా అయిపోయి కనబడకుండా పోతారు. తర్వాతి అధ్యాయంలో ఇంకో దీవి, ఇంకో ఊరి పెద్ద.

నేను పుట్టింది ఎల్లారెడ్డి దిక్కు, ఇంటర్ దాకా చదివింది కామారెడ్డిలో. ఎటు చూసినా సముద్రం వందల కిలోమీటర్ల అవతల. మాకు పెద్ద నీళ్ళంటే నిజాంసాగర్, అది నిండితే పోచారం. అయినా ఈ పుస్తకాలు చదువుతుంటే ఇదంతా పరాయి సంగతి అనిపించదు. ఎందుకంటే ఊరి గురించి రాసేవాడికి ఒడ్డున ఒక పడవ కట్టేసి ఉండటం అనేది పసిఫిక్‌కి మాత్రమే సంబంధించిన విషయం కాదు. దసరాకి హైదరాబాద్ నుంచి కారేసుకుని ఊరికి పోయి, మూడ్రోజులుండి, తిరిగొచ్చి 'పల్లె' మీద కథో, కవితో, పోస్టో రాసే మన తరానికి కూడా ఆ పడవ ఉంది. కాబట్టి ఈ వ్యాసంలో నేను అడిగేది ఒకటే ప్రశ్న: వెళ్ళిపోగలిగినవాడు ఊరిని ఎంతవరకు చూడగలడు?

దీన్ని తేల్చుకోడానికి నా దగ్గర పెద్ద సిద్ధాంతమేం లేదు, మా ఊరిదే ఒక కొలబద్ద ఉంది. మా వైపు ఊళ్ళో కొత్త మొహం కనబడితే అరుగు మీద కూర్చున్న ముసలాయన అడిగే మొదటి మాట "ఎవరింటికి వచ్చిన్రు?" పేరు అడగడు, ఉద్యోగం అడగడు. ఈ ఊళ్ళో నీకు ఎవరు పూచీ, అని అడుగుతున్నాడన్నమాట. జవాబు చెప్తే నువ్వు ఫలానా వాళ్ళ చుట్టానివి, లేకపోతే నువ్వు ఒక అనుమానం. బయటివాడు ఊరిని చూసేకంటే ముందు ఊరు బయటివాడిని చూస్తుంది.

ఫిజీ ఊళ్ళల్లో దీన్ని మరింత పద్ధతిగా చేస్తారు. దాని పేరు సెవుసెవు. పడవ మీద వచ్చినవాడు ముందుగా యాంగోనా వేళ్ళ కట్ట ఒకటి పట్టుకుని ఊరి పెద్ద దగ్గరికి పోవాలి. ఈ వేళ్ళు దంచి నీళ్ళలో కలిపి చేసే పానీయాన్నే బయటివాళ్ళు కావా అంటారు. ఎవరు, ఎందుకొచ్చారు అన్నది చెప్పుకోవాలి. పెద్ద ఆ కట్టను అందుకుంటేనే ఊళ్ళో తిరగడానికి, ఆ నీళ్ళలో లంగరేసుకోవడానికి, ఈదడానికి అనుమతి దొరికినట్టు. ఊళ్ళో నడిచేటప్పుడు టోపీ తీసెయ్యాలి. ఇక్కడ గమనించాల్సిన సంగతి, ఒడ్డు దగ్గరి నీళ్ళు కూడా ఊరివే. మన చెరువు శిఖం ఎట్లాగో, వాళ్ళకు దిబ్బ లోపలి సముద్రం అట్లా. పటంలో నీలిరంగు పూసి ఉన్నంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు.

ఈ కొలబద్దతో చూస్తే చాలా పుస్తకాలు మొదటి పేజీల్లోనే తేలిపోతాయి. హెర్మన్ మెల్విల్ 'టైపీ' (1846) ఈ జాతి పుస్తకాలన్నిటికీ పెద్దన్న. 1842లో ఆయన తిమింగలాల వేట ఓడలోంచి నుకు హివా దీవిలో పారిపోయి, అక్కడి లోయలో ఒక నెల అటూ ఇటూగా ఉన్నాడు. పుస్తకంలో మాత్రం అది నాలుగు నెలలైంది. కథ రక్తి కట్టాలంటే కాలం సాగదీయడం రచయితల హక్కే కావచ్చు. కానీ నా అభ్యంతరం వేరే చోట ఉంది. మెల్విల్ ఆ లోయలో సుఖంగా ఉన్నాడు, అదే సమయంలో వీళ్ళు నన్ను తినేస్తారేమోనని భయపడ్డాడు. పుస్తకమంతా ఈ రెండు తాళ్ళ మీదే ఊగుతుంది: స్వర్గం, లేదా నరభక్షణ. ఆ లోయ జనానికి మూడో రకం బతుకు, అంటే అప్పులూ అలకలూ పక్కింటి గొడవలూ ఉన్న మామూలు బతుకు, ఉండే అవకాశాన్ని కథనం పెద్దగా ఇవ్వదు. మిషనరీల మీద, ఫ్రెంచివాళ్ళ పెత్తనం మీద మెల్విల్ కోపం మాత్రం నిజమైంది, ఆ రోజుల్లో ధైర్యమైంది. ఆ కోపం కోసమైనా చదవాలి. కానీ ఊరి కోసం చదివితే దొరికేది తక్కువ.

రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ సంగతి అట్లా కాదు. ఈయన 1888లో జబ్బు ఊపిరితిత్తులతో 'కాస్కో' అనే పడవ ఎక్కి మార్కెసాస్ దీవులకు వచ్చాడు. తర్వాత 'ఈక్వేటర్' అనే వాణిజ్య పడవలో గిల్బర్ట్ దీవులు తిరిగాడు. చివరికి సమోవాలో ఇల్లు కట్టుకుని 1894లో అక్కడే చనిపోయాడు. 'ఇన్ ద సౌత్ సీస్' ఆయన పోయిన తర్వాత, 1896లో పుస్తకంగా వచ్చింది. 'ట్రెజర్ ఐలండ్' రాసినాయన కాబట్టి మళ్ళీ సాహసాలుంటాయని పుస్తకం తెరిచినవాళ్ళకి నిరాశే. ఇందులో ఉన్నదెక్కువగా మాటామంతీ.

స్టీవెన్సన్ మాటలు కలిపిన తీరు చూడండి. మార్కెసాస్ జనం రోగాలతో, పరాయి పాలనతో క్షీణించిపోతున్న సమయం అది. ఆయన వాళ్ళకి తన స్కాట్లండ్ కొండ జనం కథలు చెప్తాడు. మా దగ్గర కూడా తెగలుండేవి, మా వాళ్ళ బట్ట కట్టుకోవద్దని కూడా ఒకప్పుడు చట్టం చేశారు, అని. తన ఊరి నష్టం ముందు పెట్టిన తర్వాతే వాళ్ళ నష్టం గురించి అడుగుతాడు. "ఎవరింటికి వచ్చిన్రు?" అన్నదానికి ఇది ఒక రకమైన జవాబే: నాకు ఈ ఊళ్ళో ఇల్లు లేదు, కానీ మీ ఇంటి లాంటి ఇల్లు మాకూ ఉండేది.

ఇంకా మంచిది అపెమామా దీవి భాగం. అక్కడి రాజు టెంబినోక తెల్ల వర్తకుల చేతిలో మోసపోయి పోయి, కొత్తవాళ్ళని తన దీవిలో ఉండనివ్వడు. స్టీవెన్సన్ కుటుంబం ఉంటామని అడిగితే వెంటనే సరే అనలేదు. ఆ మనిషిని నిదానంగా పరిశీలించి, ఆ తర్వాతే కొన్ని షరతుల మీద ఒప్పుకున్నాడు. అంటే ఇక్కడ పరీక్షకి కూర్చున్నది రచయిత. స్టీవెన్సన్ ఆ సంగతి దాచుకోకుండా, కాస్త నవ్వుకుంటూ రాస్తాడు. ఒక దీవి మనిషి ఓడ మీద వచ్చినవాడికి మార్కులు వేయడాన్ని, ఆ వచ్చినవాడే రాయడం ఈ రకం సాహిత్యంలో అరుదు. అట్లాగని ఆయనకి పడవ లేకపోలేదు, ఎక్కువ మటుకు అద్దె కట్టే డబ్బూ ఉంది. కానీ ఆ పడవ ఉన్న సంగతి ఆయన మర్చిపోడు, మనల్నీ మర్చిపోనివ్వడు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఊరి పెద్ద స్వాగతం చెప్తే ఊరంతా స్వాగతం చెప్పినట్టేనా? ఈ ప్రశ్న తెలంగాణ చదువరికి రావాల్సినంత త్వరగా ఇంకెవరికీ రాదేమో. మన దగ్గర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకుని పోయిన తరాలున్నాయి. అప్పట్లో ఏ యాత్రికుడో వచ్చి దొర ఇంట్లో బసచేసి ఉంటే అతనికి కనిపించే ఊరు ఎట్లా ఉండేది? విశాలమైన అరుగులు, వేళకి భోజనం, వంగి దండం పెట్టే వినయమైన జనం. ఆ వినయం వెనక వెట్టి ఉందని అతనికి ఎవరు చెప్తారు? పడవ పుస్తకాల్లో దీవి జనం 'అమాయకంగా, సంతోషంగా' ఉన్నారని రాసిన చోటల్లా నాకు ఆ గడి గుర్తొస్తుంది. ఆ విందుకి పంది ఎవరింటిది? ఆ చేపలు ఎవరు పట్టారు? వంట చేసినవాళ్ళు ఏ వేళకి తిన్నారు? ఫిజీ ఊరు మన గడి అని నేను అనట్లేదు, రెండింటి చరిత్రలూ వేరు. కానీ అతిథి కన్ను మాత్రం రెండు చోట్లా ఒకటే. అది ముందుగదిలోనే ఆగిపోతుంది.

మన భాషలో దీనికి పోల్చి చూసుకోడానికి ఒక పెద్ద పుస్తకమే ఉంది, ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పుస్తకం 1838లో అచ్చయింది. హైదరాబాద్ నుంచి నిర్మల్ మీదుగా నాగపూర్ దారి పట్టాడాయన. మన కామారెడ్డి ఆ దారిలోదే. పడవవాళ్ళ లాగే ఆయనకీ మజిలీలే: దారి ఎట్లా ఉంది, బసకి చోటుందా, నీళ్ళు మంచివేనా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి. ఇవాళ్టి నావికులు దీవి దీవికీ రాసుకునే నోట్సు కూడా సరిగ్గా ఇదే. నాకు వీరాస్వామయ్యలో నచ్చేది ఈ పొడిదనమే. ఊరిని చూసి మురిసిపోడు, తను పోగొట్టుకున్న అమాయకత్వాన్ని అందులో వెతుక్కోడు. నీళ్ళు ఉప్పగా ఉంటే ఉప్పగా ఉన్నాయనే రాస్తాడు. అయితే ఆయన ప్రయాణించింది పల్లకీలో, వెంట దాదాపు వందమంది పరివారంతో. ఆ పల్లకి మోసిన బోయీలకి కూడా ఆ దారే, ఆ ఎండే, ఆ నీళ్ళే. వాళ్ళ కాశీయాత్ర చరిత్ర మాత్రం మన చేతిలో లేదు.

ఇప్పుడు పసిఫిక్‌కి వెళ్ళిన మన బోయీల సంగతికి వద్దాం. 1879 నుంచి 1916 దాకా అరవై వేల పైచిలుకు భారతీయుల్ని ఓడల్లో ఫిజీ చెరకు తోటలకి తీసుకుపోయారు. ఐదేళ్ళ ఒప్పందం. 'అగ్రిమెంట్' అన్న మాట నలిగి 'గిర్‌మిట్' అయింది, వాళ్ళు గిర్‌మిటియాలయ్యారు. మొదట్లో అందరూ కలకత్తా రేవు నుంచే. 1903 నుంచి మద్రాసు ఓడలు మొదలయ్యాయి. వాటిలో పోయిన సుమారు పదిహేను వేలమందిలో తమిళుల పక్కన కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళూ ఉన్నారు. పసిఫిక్ మీద మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో చేసిన మొదటి ప్రయాణం ఇదే. దానికి లంగరెత్తేసి వెళ్ళిపోయే ఐదో రోజు లేదు.

వాళ్ళు దిగింది ఊళ్ళో కాదు. 'లైన్స్' అనే బారకాసుల్లో, సుమారు పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గదుల్లో. బ్రిటిష్ పాలకులు ఫిజీ జనాన్ని వాళ్ళ ఊళ్ళల్లోనే ఉంచెయ్యాలని, తోట పనికి బయటి నుంచి మనుషుల్ని తేవాలని నిర్ణయించుకున్నారు. ఫిజీ ఊరు అంత 'చెక్కుచెదరకుండా' ఉండటానికి ఒక కారణం ఈ ఏర్పాటే. పడవ పుస్తకాలు మెచ్చుకునే ఆ ఊరి ప్రశాంతత ఖర్చులో కొంత భాగాన్ని గిర్‌మిటియాలు కట్టారు. ఈ లెక్క తెలిస్తే ఆ పుస్తకాలని మళ్ళీ పాత కళ్ళతో చదవలేం.

ఇంకో సంగతి. పడవ రచయిత వెతికే 'విలేజ్ లైఫ్'లో చెరకు పొలాల మధ్య విడివిడిగా ఉన్న ఈ ఇండియన్ ఇళ్ళు లెక్కలోకి రావు. అక్కడ ఊరి పెద్ద లేడు, సెవుసెవు లేదు, ఒడ్డు లేదు. భూమి కౌలుది. రేకుల ఇల్లు, వాకిట్లో తులసి, వంటింట్లో కరివేపాకు, నోట్లో ఫిజీ హిందీ. తోటల్లో అందరికీ హిందీయే పని భాష కావడంతో తెలుగు ఇంట్లోకి, తర్వాత ముసలివాళ్ళ దగ్గరికి, తర్వాత ప్రార్థనల్లోకి కుంచించుకుపోయింది. దాన్ని కాపాడుకుందామని 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. నూటికి నూరుపాళ్ళు దీవి కథే ఇది. కానీ పోస్ట్‌కార్డ్ మీద పట్టదు. ఓడ కింది అంతస్తు నుంచి వచ్చిన పుస్తకం కావాలంటే హిందీకి పోవాలి: 1893లో ఫిజీకి పోయి 1914లో తిరిగొచ్చిన తోతారామ్ సనాఢ్య తన ఇరవై ఒక్క ఏళ్ళ గురించి చెప్పుకున్న పుస్తకం. మెల్విల్ ఒక నెలని నాలుగు నెలలు చేశాడు. ఈయనకి ఉన్న ఏళ్ళని సాగదీయాల్సిన అవసరం పడలేదు.

పడవ పుస్తకాలకి అన్నిటికంటే గట్టి జవాబు మాత్రం పడవ ఎక్కని ఒక వ్యాసం ఇచ్చింది. ఎపెలి హౌఓఫా 1993లో రాసిన 'అవర్ సీ ఆఫ్ ఐలండ్స్'. హౌఓఫా తల్లిదండ్రులు టోంగా వాళ్ళు, పుట్టింది పపువాలో, పాఠాలు చెప్పింది ఫిజీ రాజధాని సువాలోని యూనివర్సిటీలో. మీ దేశాలు చిన్నవి, దిక్కులేనివి, విదేశీ సాయం లేకపోతే బతకలేవు అని ఆర్థిక శాస్త్రం చెప్పే మాటనే ఆయన కూడా క్లాసులో చెప్పేవాడు. విద్యార్థుల మొహాలు వాడిపోవడం చూసి ఆగిపోయాడు. ఆయన వాదన క్లుప్తంగా ఇది: 'దూరపు సముద్రంలో చిన్న చిన్న దీవులు' అనేది ఖండం మీద నిలబడినవాడి చూపు. దీవివాడికి అది 'దీవుల సముద్రం'. నీళ్ళు అడ్డుగోడ కాదు, దారి. గీతలు గీసింది వలస పాలకులు. వాళ్ళు పోయాక మామూలు జనం విమానాలెక్కి ఆక్లండ్‌కీ, కాలిఫోర్నియాకీ పోయి, డబ్బూ సామానూ చుట్టాల మధ్య తిప్పుతూ తమ పాత సముద్రాన్ని మళ్ళీ పెద్దది చేసుకుంటున్నారు.

ఇది ఊరికే ఊహ కాదనడానికి 1976 ఉదాహరణ ఉంది. సతవాల్ అనే బుల్లి దీవి నుంచి వచ్చిన మౌ పియైలుగ్, 'హోకులేఅ' అనే జంట పడవని హవాయి నుంచి తహితి దాకా దిక్సూచి కూడా లేకుండా నడిపించాడు. నక్షత్రాలు, అలల వాలు, పక్షుల రాకపోకలు, ఇవే ఆయన లెక్కలు. అంతకు ముందు 1947లో హెయర్‌డాల్ 'కాన్-టికి' తెప్ప మీద 101 రోజులు తేలి వచ్చి, దీవుల జనం దక్షిణ అమెరికా నుంచి గాలివాటున కొట్టుకొచ్చి ఉండొచ్చన్నాడు. ప్రపంచం ఆ పుస్తకాన్ని ఎగబడి చదివింది. కొట్టుకురావడానికీ, తెలిసి రావడానికీ ఉన్న తేడాయే ఈ మొత్తం గొడవ. ఒకదాంట్లో దీవివాడు సరుకు, ఇంకోదాంట్లో నావికుడు.

హౌఓఫా వ్యాసం చదివిన ఎల్లారెడ్డివాడికి గల్ఫ్ గుర్తు రాకుండా ఉండదు. మా వైపు సౌదీకి పోయినా కువైట్‌కి పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. నేను 'మారుమూల పల్లె' అనుకునే ఊళ్ళో ఏ గల్లీలో చూసినా అరబ్బు దేశాల్లో ఏళ్ళకేళ్ళు పని చేసినవాడు ఒకడుంటాడు. వాడికి హిందీ వచ్చు, కొంచెం అరబ్బీ వచ్చు, మలయాళీ మేస్త్రీతో ఎట్లా మాట్లాడాలో వచ్చు. ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చునే నాకంటే వాడు చూసిన లోకమే పెద్దది. అయినా మన కథల్లో వాడు అమాయకుడు, నేను లోకం తెలిసినవాడిని. నగరంలో ఉన్నవాడు ఊరు కదలదని రాస్తాడు. ఊరు మాత్రం ఎప్పుడో సముద్రం దాటిపోయింది.

అయితే హౌఓఫాతో నేను పూర్తిగా నడవలేను. ఆయన సముద్రం అందరికీ ఒకేలా తెరుచుకోదు. ఆక్లండ్‌లో స్థిరపడిన టోంగా కుటుంబానికి అక్కడ ఇల్లుంది, చర్చి ఉంది, పిల్లల బడి ఉంది. గల్ఫ్‌లో మనవాడికి కఫీల్ ఉన్నాడు, క్యాంపు ఉంది, గడువు తేదీ ఉంది. ఎన్నేళ్ళు పనిచేసినా ఆ దేశం తనది కాదు. వాడి డబ్బు చుట్టాల మధ్య తిరుగుతుంది నిజమే, కానీ ఒక్కోసారి వాడు పెట్టెలో శంషాబాద్‌కి తిరిగొస్తాడు. ఫిజీలోనూ అంతే. నిబద్ధతతో ఉన్నవాళ్ళందరూ ఓషియానియా వాళ్ళేనని హౌఓఫా తర్వాత మనసు పెద్దది చేసుకుని రాశాడు. కానీ 1987 మే 14న, మొదటి గిర్‌మిట్ ఓడ 'లియోనిడాస్' వచ్చి సరిగ్గా 108 ఏళ్ళు నిండిన రోజున, సైన్యం తిరుగుబాటు చేసింది. ఆ తర్వాత గిర్‌మిటియాల మనవలు వేలమంది మళ్ళీ మూటాముల్లే సర్దుకున్నారు. విశాలమైన సముద్రం అన్న భావన అందమైందే. అందులోకి దిగడానికి కావాల్సిన కాగితాలు ఎవరి దగ్గరుంటాయన్నది కూడా ఆ భావనలో భాగం కావాలి. ఈ ఒక్క లోటు ఉన్నా, ఈ విషయం మీద నేను చదివినవాటిలో ముందు వరసలో పెట్టేది ఆ వ్యాసాన్నే. పది పడవ పుస్తకాలు చెప్పలేనిది కొద్ది పేజీల్లో చెప్తుంది.

ఇంతా చెప్పి, బయటివాడు ఊరి గురించి రాయొద్దనేది నా మాట కాదు. అట్లాగైతే స్టీవెన్సన్ పోతాడు, వీరాస్వామయ్య పోతాడు. ఊళ్ళో ఉన్నవాడే రాయాలి అన్న నియమం కూడా నాకు పడదు, ఊళ్ళో ఉన్నవాడికి కూడా ఒక వాడ ఉంటుంది, ఆ వాడ దాటి చూడని కన్ను ఉంటుంది. నేను అడిగేది చిన్నది. పుస్తకంలో పడవ కనబడాలి. అది ఎవరి డబ్బుతో వచ్చింది, ఎప్పుడు వెళ్ళిపోతుంది, ఊళ్ళో ఎవరి గడప మీద దిగింది, వీటికి జవాబు ఉండాలి. ఊరివాళ్ళు రచయితని చూసి ఏమనుకున్నారో ఒక్క పేజీ అయినా ఉండాలి. మన 'పల్లె' కథల్లో, ఫోన్లో తీసే విలేజ్ వీడియోల్లో, పండగ తర్వాతి పోస్టుల్లో ఈ పేజీయే ఉండదు.

నిజాంసాగర్ కట్టేటప్పుడు మంజీర నీళ్ళలో ఊళ్ళు మునిగాయి. 1931లో కట్ట పూర్తయింది. ఇప్పుడు వానాకాలంలో గేట్లెత్తితే చూడ్డానికి నగరం నుంచి జనం వస్తారు, ఫోటోలు దిగుతారు. నీళ్ళు నిజంగా బాగుంటాయి, అందులో తప్పు లేదు. కానీ ఆ నీళ్ళ మీద తెప్ప నడుపుకుంటూ చేపలు పట్టేవాడికి ఇది దృశ్యం కాదు, అడుగున ఎక్కడ ఏముందో తెలిసిన చోటు. పసిఫిక్ మీద గానీ మంజీర మీద గానీ ఈసారి ఎవరైనా పుస్తకం రాస్తే, ముందు ఆ తెప్ప మీదున్నవాడిని ప్రశ్న అడగనివ్వాలి. ఎవరింటికి వచ్చిన్రు?